కొవ్వులో కరిగే మనిషి

మా జిల్లా పెద్దాసుపత్రి కణంగా మారిపోయిన సంగతి నాకు గేటు దగ్గర తెలిసింది.

అంతకుముందు రోజు వరకూ అది మామూలు ఆసుపత్రి. గేటులోంచి మనుషులు లోపలికి వెళ్ళేవారు, బయటికి వచ్చేవారు, మధ్యాహ్నం పూట మేకలు కూడా వెళ్ళొచ్చేవి. నేను అక్క మంచం పక్కన చాప పరుచుకుని ఉండేదాన్ని. ఉతికిన చీరలు తెచ్చుకుందామని ఒక్క పూట ఇంటికి వెళ్ళాను. వెళ్తూ "ఇప్పుడే వచ్చేస్తా" అన్నాను. ఆ మాట అని వెళ్ళి రాని వాళ్ళను చూసి ఉన్నాను కాబట్టి, దారిలోనే ఆటో వెనక్కి తిప్పమందామా అని కూడా అనుకున్నాను.

తిరిగి వచ్చేసరికి గేటు మూసి ఉంది. పక్కన ప్రహరీగోడకు వరసగా కిటికీలు కొట్టేశారు. సిమెంటు ఇంకా తడి ఆరలేదు. గేటు మీద కొత్త బోర్డు వేలాడుతోంది: "ఇది కణత్వచము. దూతలకు ప్రవేశము లేదు."

నేను దూతను కాను, థైరాయిడ్ ఆపరేషన్ కోసం చేరిన మాణిక్యాంబగారి చెల్లెల్ని అని గేటు దగ్గరి సెక్యూరిటీ నూకరాజుతో చెప్పాను. నిన్నటిదాకా అతను నన్ను చూస్తే కుర్చీలోంచి లేచి దారి ఇచ్చేవాడు. ఇప్పుడూ లేచాడు, దారి మాత్రం ఇవ్వలేదు.

"ఇయ్యాల్టి నుంచి బయటోళ్ళందరూ దూతలేనండి అమ్మగారూ. సర్కులరొచ్చిందండి. నేను కూడా సెక్యూరిటీ కాదంటండి, పొరంటండి."

పొరగా ఉండటం ఎలా ఉందని అడిగాను. జీతం అంతేనట.

గోడ మీద ఏది అంటించినా చివరిదాకా చదవటం నాకు అలవాటు. చేతిలో చీరల సంచీతో నిలబడి ఆ సర్క్యులరు చదివాను. సూపరింటెండెంటు డాక్టర్ సుదర్శనంగారు ఏదో కొండమీది రిసార్టులో పరిపాలనా శిక్షణకు వెళ్ళి వచ్చారు. అక్కడ ఒక నిపుణుడు చెప్పాడట: మనిషి ఒంట్లో లక్షల కోట్ల కణాలున్నాయి, ఒక్కదాని మెట్ల మీదైనా కిళ్ళీ మరకలున్నాయా, ఒక్క కణం వరండాలోనైనా బంధువులు చాపలు పరుచుకుని పడుకున్నారా? లేరు. ఎందుకు లేరు? హార్మోను రక్తంలో ఎంత దూరం నుంచి వచ్చినా కణంలోకి దూరదు. గోడ మీద తనకోసం ఉన్న గ్రాహకాన్ని తాకుతుంది. ఆ తాకిడికి గ్రాహకం ఆకారం మారుతుంది, లోపలివాళ్ళకు కబురు తెలుస్తుంది. కబురు తెచ్చినది గోడ అవతలే ఉండిపోతుంది.

"ఇందుమూలముగా యావన్మంది రోగి సంబంధీకులకు తెలియజేయునది ఏమనగా," అని ఉంది కింద, "వచ్చిన వారు తమకు నిర్దేశించిన గ్రాహకమును తాకి, తొలగవలెను. ప్రేమాభిమానములు సంకేతములే గనుక, అవి వ్యక్తి రాకుండగనే లోనికి చేరగలవు."

అది చదివి నాకు కొంత ధైర్యం కూడా కలిగింది. ఒంట్లో జరిగేదే ఇక్కడ జరుగుతుందంటే, ఇన్నేళ్ళుగా నా ఒళ్ళు బాగానే నడిచింది కదా అనుకున్నాను.

కిటికీలు ఒక్కొక్కటి ఒక్కో ఆకారంలో ఉన్నాయి. ప్రతి గ్రాహకానికీ ఒక్కటే తాళంచెవి సరిపోవాలన్నది శాస్త్రమని సర్క్యులరులోనే ఉంది. ఆకలి కిటికీ గుండ్రంగా, రెండు గిన్నెల క్యారేజీ పట్టేటట్టు ఉంది. నాది మూడు గిన్నెల క్యారేజీ. అన్నం, కూర లోపలికి వెళ్ళాయి, చారు నాతో ఉండిపోయింది. బట్టల కిటికీ సన్నగా, మడత పెట్టిన చీర దూరేంత ఉంది. కుశల కిటికీ మనిషి ముఖమంత. దాని వెనక స్టూలు మీద ఒక గుమాస్తా కూర్చుని ఉంటాడు. ఫిర్యాదు కిటికీ ఆకారం ఇంకా ఖరారు కాలేదు గనుక అక్కడ గోడే ఉంది.

మొదటి రోజు కుశల కిటికీ దగ్గర నేను ఒక చిన్న సంగతి చెప్పాను. అక్కకు గొంతు గరగరలాడుతోంది, పుక్కిలించడానికి గ్లాసుడు వేడినీళ్ళు ఇప్పించమన్నాను. గుమాస్తా నా మాట పూర్తిగా వినకుండానే స్టూలు మీంచి లేచాడు. లేవటమే అతని పని. అతను లేవగానే వెనకున్నవాడు పరుగెత్తి పదిమందికి చెప్పాలి, ఆ పదిమందిలో ప్రతి ఒక్కరూ మరో పదిమందికి చెప్పాలి. ఒక్క అణువు తాకితే కణంలో లక్షల అణువులు కదులుతాయట. దాన్ని సంకేత వర్ధనం అంటారు.

మధ్యాహ్నానికి ఆసుపత్రి వెనక నుంచి పొగ లేవటం చూశాను. సాయంత్రం నూకరాజు చెప్పాడు, లోపల బాయిలర్లన్నీ రాజేశారట. ఆడవాళ్ళ వార్డులో, మగవాళ్ళ వార్డులో, ప్రసూతి వార్డులో అందరికీ బకెట్ల కొద్దీ వేడినీళ్ళు చేరాయట. ఎముకల వార్డులో పిండికట్లతో ఉన్నవాళ్ళకు కూడా తలంట్లు పోశారట. కట్లు మెత్తబడ్డాయట. చాలనటానికి ఎవరూ లేరు. కణంలో మొదలుపెట్టే ఎంజైమూ ఉంటుంది, ఆపే ఎంజైమూ ఉంటుంది. ఇక్కడ మొదలుపెట్టేవాళ్ళను ఉన్న సిబ్బందిలోంచి సర్దారు గానీ, ఆపే ఎంజైము పోస్టు మంజూరు కాలేదు.

అక్కకు అందాయా అని అడిగాను. అక్కది వరసలో చివరి మంచం. నీళ్ళు అక్కడిదాకా వచ్చేసరికి గ్లాసులు అయిపోయాయట.

మర్నాడు పేపర్లో సుదర్శనంగారి ఫోటో వేశారు. ఒక్క దూత, ఒక్క స్పర్శ, ఇంతటి స్పందన అన్నారాయన.

ఆపరేషను గురువారం అని అంతకుముందే నిర్ణయమైంది. గడ్డ పెద్దది, గొంతు నరాన్ని ఆనుకుని ఉంది, ఆపరేషన్ అయ్యాక మాట రావచ్చు, రాకపోవచ్చు, ఈ వయసులో మత్తుకు గుండె ఎలా ఉంటుందో కూడా చెప్పలేం అని సర్జను నాకూ అక్కకూ ఇద్దరికీ చెప్పాడు. అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసింది. ఆ ఊరిని ఈ ఊరితో కలపటమే ఆమె జీవితం. గొంతు పోవచ్చంటే, "నువ్వు ఎదురొస్తావుగా" అంది, అంతే.

మా ఇళ్ళలో ఎవరైనా ముఖ్యమైన పని మీద బయల్దేరితే, ఇంట్లో ఒకరు ముందే వీధిలోకి వెళ్ళి, వాళ్ళు గుమ్మం దాటే వేళకు ఎదురుగా నడిచి వస్తారు. ఏమీ మాట్లాడనక్కర్లేదు. రావటమే. అక్క పరీక్షలకు వెళ్ళినా, అత్తవారింటికి వెళ్ళినా, ఉద్యోగంలో చేరటానికి వెళ్ళినా నేనే ఎదురొచ్చాను. నా భర్త పోయాక ఈ పని చెయ్యకూడదన్నారు. పెళ్ళిళ్ళకు వెళ్తే, ఎవరికి ఎదురుపడతానోనని నన్ను వంటింటి వెనకే కూర్చోబెట్టేవారు. అక్క ఆ మాటే చెవిన పెట్టలేదు. పక్కింటివాళ్ళు కిటికీ రెక్కలు వేసుకుంటుంటే చూస్తూ, నేను వీధి మలుపు దగ్గరికి వెళ్ళి తిరిగి వచ్చేదాకా గుమ్మంలో నిలబడి ఉండేది. బావ పోయి ఇద్దరం ఒకచోట చేరాక కూడా, పింఛను కోసం బ్యాంకుకు వెళ్ళాలన్నా నన్ను ముందు వీధిలోకి పంపేది.

ఇప్పుడు ఆమె ఆపరేషన్ గదికి వెళ్ళాలి. నేను గోడకు బయట ఉన్నాను.

కుశల కిటికీలో ముఖం పెట్టి, గురువారం నేను లోపలికి వచ్చి మా అక్కకు ఎదురు రావాలి అని చెప్పాను. గుమాస్తా లేవలేదు. ఇది ఆకలి కాదు, బట్టలు కాదు, కుశలం కాదు, ఈ సంకేతానికి గ్రాహకం లేదన్నాడు. పోనీ ఇది కుశలమే అనుకో నాయనా అన్నాను. అనుకోవటానికి అతనికి అధికారం లేదు. అయితే మా అక్క ఎలా ఉంది అని అడిగాను. లేచాడు. మళ్ళీ అడిగాను, మళ్ళీ లేచాడు. సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నాను. మొదట చురుగ్గా లేచినవాడు తరవాత సగం లేచాడు, తరవాత కనుబొమలు మాత్రం లేపాడు, చివరికి అదీ లేదు. బుధవారం పొద్దున వెళ్ళేసరికి కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. "అతి ఉద్దీపన వలన ఈ గ్రాహకము మొద్దుబారినది. లోనికి తీసుకొనబడినది." గుమాస్తాను స్టూలుతో సహా లోపలికి మోసుకుపోయారని నూకరాజు చెప్పాడు.

అదీ శాస్త్రమేనని ఒప్పుకోవాలి. ఒకే కబురు విడవకుండా తాకుతుంటే ఏ గ్రాహకమైనా ముడుచుకుపోతుంది.

బుధవారమంతా గేటు ఎదుట కూర్చుని ఆ సర్క్యులరు మళ్ళీ చదివాను. చేతిలో చదవటానికి ఇంకేమీ లేదు, ఇంటికి వెళ్ళటానికి కాళ్ళు రాలేదు. చివరి పేరా చిన్న అక్షరాల్లో ఉంది. అది శిక్షణలో ఇచ్చిన పాఠంలోంచి ఎత్తి రాసినట్టుంది. "మినహాయింపు: స్టెరాయిడ్ వంటి కొవ్వులో కరుగు హార్మోనులకు గోడ అడ్డు కాదు. అవి కణత్వచము గుండా నేరుగా లోనికి ప్రవేశించి కేంద్రకమును చేరును."

గురువారం పొద్దున్నే ఆసుపత్రి ఎదుట కిరాణాకొట్లో నువ్వులనూనె కొన్నాను. కొట్టు వెనక తడిక చాటున చేతులకు, కాళ్ళకు, మెడకు, ముఖానికి, తలకు పట్టించుకున్నాను. పాత చీర కట్టుకున్నాను కాబట్టి దానికీ కొంచెం పట్టించాను. గేటు దగ్గరికి వెళ్ళి, నేను కొవ్వులో కరుగుతాను అని చెప్పాను.

నూకరాజు నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. అతను నవ్వలేదు. నెల రోజుల కింద అతని తల్లి ఇదే ఆసుపత్రిలో పోయిందని అప్పుడు నాకు తెలియదు. ఫోను తీసి లోపలికి చెప్పాడు. లోపలివాళ్ళు పదిమందికి చెప్పుకుని, ఋజువు ఉందా అని అడిగారు. ఋజువేమిటో అతనికీ తెలియదు, నాకూ తెలియదు. చివరికి తన నీళ్ళసీసా తీసి నా మోచేతి మీద కొంచెం వంచాడు. నీళ్ళు పూసల్లా జారి కింద పడ్డాయి. మళ్ళీ వంచాడు. మళ్ళీ జారాయి.

"నీళ్ళలో కరగట్లేదండి," అని ఫోనులో చెప్పాడు. "ఆయ్. నేనే చూశానండి. మరి పొరగా నేను ఆపకూడదు కదండీ."

గేటు తీశాడు.

నేను నేరుగా అక్క దగ్గరికి పోదామనుకున్నాను. కానీ కొవ్వులో కరిగేది కేంద్రకానికి పోవాలని రాసి ఉంది గదా. ఇద్దరు మనుషులు నన్ను ముట్టుకోకుండా చెరోపక్కా నడుస్తూ సూపరింటెండెంటుగారి గదికి తీసుకుపోయారు. తలుపు మీద "కేంద్రకము" అని ఇత్తడి పలక. సుదర్శనంగారు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచారు. కళ్ళు మెరిశాయి. కొత్త పద్ధతి పెట్టినప్పటి నుంచి ఆయన దగ్గరికి ఎవరూ రాలేదట. అందరూ గోడ దగ్గరే ఆగిపోతున్నారు.

"అమ్మా, మీరొక చారిత్రక సందర్భం," అన్నారు. "మొట్టమొదటి స్టెరాయిడ్ మీరే."

కూర్చోమన్నారు గానీ, కుర్చీ గుడ్డది. నిలబడే, గురువారం, అక్క, ఎదురు అన్నీ చెప్పాను. ఆయన ఎంతో శ్రద్ధగా విన్నారు. విని, తొందరపడకూడదన్నారు. స్టెరాయిడ్ కేంద్రకాన్ని తాకాక అక్కడ ఒక ఉత్తర్వు నకలు తయారవుతుంది, ఆ నకలు బయటికి వెళ్తుంది, దాన్ని చదివి కింది విభాగాల్లో ప్రొటీను తయారు చేస్తారు. గోడ దగ్గరి సంకేతాలు క్షణాల్లో పని చేస్తాయి గానీ ఇది గంటలు పడుతుంది, ప్రభావం మాత్రం చిరకాలం నిలుస్తుంది అని వివరించారు. అంటే తన టైపిస్టు భోజనం చేసి రావాలన్నమాట.

అప్పుడే ఫోను మోగింది. ఆపరేషన్ థియేటర్ ముందు స్ట్రెచర్ మీద ఒక ముసలావిడ ద్వారబంధం పట్టుకుని వదలటం లేదట. ఆయన ఫోను పెట్టేలోపు ఇంకొకటి మోగింది. ఈసారి పదిమంది ద్వారబంధాలు పట్టుకున్నారట. మూడోసారి మోగినప్పుడు, ఆసుపత్రిలో రోగులంతా తలుపులు ఊడదీసుకుపోతున్నారు, పోలీసులకు చెప్పమంటారా అని అడిగారు. సుదర్శనంగారి ముఖం పాలిపోయింది. నేను ఆయనకు ధైర్యం చెప్పాను. అది ఒక్కరే, మా అక్కే, వర్ధనం వల్ల అలా వినిపిస్తోంది అన్నాను.

ఆయన తేరుకున్నారు. దీనికీ శాస్త్రంలో దారి ఉందన్నారు. అసలు హార్మోను లేనప్పుడు దాన్ని పోలిన కృత్రిమ పదార్థం ఇస్తే గ్రాహకం అదే అనుకుని స్పందిస్తుంది. మందుల్లో చాలా భాగం ఇలాంటివేనట. నా వయసున్న ఆయా కరుణమ్మను పిలిపించి, ఎదురు రమ్మని ఆజ్ఞాపించారు. దూతను కదిలించకూడదు గనుక నన్ను గదిలోనే ఉండమన్నారు. నేను ఉండలేదు. గుమ్మంలోంచి చూస్తే పొడుగాటి వరండా చివర థియేటర్ తలుపు కనిపిస్తోంది. స్ట్రెచర్ మీద తెల్ల దుప్పటిలో మా అక్క, ద్వారబంధానికి అతుక్కున్న ఆమె చెయ్యి.

స్ట్రెచర్ని కొంత వెనక్కి లాగారు. ఆమె చెయ్యి వదలటానికి కారణం, ఎవరో ఎదురొస్తున్నారని చెప్పటమే. కరుణమ్మ నీలం చీర కొంగు సర్దుకుని, పాపం ఎంతో నిండుగా నడుచుకుంటూ వచ్చింది. అక్క తల ఎత్తి చూసింది.

"రాంగ్ నంబరు తల్లీ," అంది, ఉన్న గొంతుతోనే. "నువ్వేమీ అనుకోకు."

కరుణమ్మ ఏమీ అనుకోలేదు. "నేనూ అదే చెప్పానండి, నా మాట ఇన్నారు కాదు," అని పక్కకు తప్పుకుంది.

మోతాదు చాలలేదనుకున్నారు సుదర్శనంగారు. తెల్లకోటు తొడుక్కుని స్వయంగా బయల్దేరారు. జిల్లాలో అంతకంటే గట్టి పదార్థం లేదు. స్టెతస్కోపు ఊగుతుండగా ఆయన స్ట్రెచర్ వైపు ఎదురుగా నడిచి వస్తుంటే, వార్డుల్లోవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. అక్క రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"మీరు ఎదురు రావద్దు బాబూ. ఆపరేషనుకు పోతుంటే డాక్టరు ఎదురొస్తే భయమేస్తుంది."

సర్జను థియేటర్ తలుపులోంచి తల బయటపెట్టి, ఈవిడ వస్తుందా, లేక నేను ఇంకొకరి కేసు మొదలుపెట్టనా, మళ్ళీ తేదీ వచ్చే నెలలోనే అన్నాడు. వచ్చే నెలకు ఆ గడ్డ ఎంతవుతుందో మా ఇద్దరికీ తెలుసు. నేను వరండాలోకి వచ్చేశాను.

"అయ్యా," అన్నాను సుదర్శనంగారితో, "ప్రతి గ్రాహకానికీ ఒక్కటే తాళంచెవి అని మీరే గోడ మీద అంటించారు."

ఆయన నా వైపు చూశారు, అక్క వైపు చూశారు. ఆయన చెడ్డవారు కారు. ఏదైనా తన సిద్ధాంతం చొప్పున జరుగుతుందంటే సంతోషించే మనిషి. విశిష్టత, విశిష్టత అని రెండుసార్లు గొణుక్కున్నారు. ఒక గ్రాహకం ఒక్కదానికే స్పందించటాన్ని అలా అంటారట. తరవాత గట్టిగా, అందరూ దీన్ని ప్రయోగాత్మక ప్రదర్శనగా గమనించవలసిందని ప్రకటించి, నన్ను వెళ్ళమన్నారు.

నేను గోడవారగా థియేటర్ తలుపు దాకా వెళ్ళి అక్కడి నుంచి వెనక్కి తిరిగాను. స్ట్రెచర్ ఇటు వస్తోంది. నేను అటు నడవాలి. పొద్దున్నే ఫినాయిలుతో తుడిచిన నేల, నా అరికాళ్ళ నిండా నూనె. మొదటి కొన్ని అడుగులు జాగ్రత్తగానే వేశాను. తరవాత అడుగులు వెయ్యాల్సిన అవసరం లేకపోయింది. నిలబడి ఉన్నదాన్ని నిలబడినట్టే జారుకుంటూ పోయాను. వరండాకు రెండువైపులా ముఖాలు వెనక్కి పోతున్నాయి. కరుణమ్మ పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయాను. స్ట్రెచర్ కడ్డీ రెండు చేతులతో పట్టుకుని ఆగాను. నా ముఖం అక్క ముఖం మీదికి వచ్చింది.

అక్క నవ్వింది. మత్తుకు ముందు ఇచ్చిన సూది ప్రభావమో ఏమో, ఆపుకోలేకపోయింది.

"ఇంత తొందరగా ఎప్పుడూ ఎదురు రాలేదే నువ్వు," అంది.

స్ట్రెచర్ కదిలింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. నేను ఆ కడ్డీ వదిలిన చేతులు అలాగే పట్టుకుని నిలబడ్డాను. కరుణమ్మ వచ్చి నా కాళ్ళ కింద గోనెసంచి వేసింది.

అక్క ప్రాణానికి ఏమీ కాలేదు. గొంతు సంగతి ఇప్పుడే చెప్పలేం, నరం వాచి ఉంది, కొన్నాళ్ళు మాట్లాడించవద్దు అన్నారు. నన్ను ఎవరూ బయటికి పంపలేదు. లోపలికి వచ్చిన స్టెరాయిడ్ ప్రభావం చిరకాలం ఉంటుందని కేంద్రకంలోనే అన్నారు గదా. రోజూ పొద్దున్నే కాస్త నూనె రాసుకుని, అక్క మంచం పక్కన గోనెసంచి మీద ఉండేదాన్ని.

మర్నాటి నుంచి గేటు ముందు జనం నూనె రాసుకుని నిలబడ్డారు. ఎదుటి కిరాణాకొట్టువాడు "ఇచ్చట స్టెరాయిడ్ నూనె లభించును" అని అట్టముక్క మీద రాసి పెట్టాడు. వేరుశెనగ నూనె చెల్లుతుందా, పామాయిల్ చెల్లుతుందా అని వాదనలు వచ్చాయి. గర్భిణిగా ఉన్న కూతుర్ని చూడటానికి ఒకాయన నెయ్యి రాసుకుని వచ్చాడు, చీమలు కూడా వెంట వచ్చాయి. నూకరాజు అందరి మోచేతుల మీదా నీళ్ళు వంచి, ఎవరి మీదా నీళ్ళు నిలవటం లేదని తేల్చి, లోపలికి పంపించేవాడు. ఒక్కరిని కూడా ఆపలేదు. వారం తిరిగేసరికి వరండాలన్నీ నున్నగా మెరిసిపోయాయి. జారిపడిన బంధువులతో ఎముకల వార్డు నిండిపోయింది. వాళ్ళను చూడటానికి వచ్చినవాళ్ళు కూడా అందులోనే చేరారు. కణత్వచపు పారగమ్యత, అంటే లోపలికి దూరనిచ్చే గుణం, గణనీయంగా పెరిగిందని సుదర్శనంగారు పై అధికారులకు నివేదిక పంపారు. వాళ్ళు మెచ్చుకుని, మిగతా జిల్లాల నుంచి చూడటానికి డాక్టర్లను పంపుతామన్నారు. ఎదురు రావటానికి కూడా ఒక గ్రాహకం మంజూరైంది. గోడకు తలుపంత కిటికీ కొడతారట. అందులోంచి మనిషి పట్టవచ్చు గానీ, ఎదురొచ్చే మనిషి ఆసుపత్రి సిబ్బందే అయి ఉండాలట.

అక్కను పంపించేసే రోజు వచ్చింది. ఆటో ముందు గేటుకు రమ్మని చెప్పి, అక్క చెయ్యి పట్టుకుని వార్డు గుమ్మం దాకా వచ్చాను. అక్కడ నన్ను ఆపారు. రోగి రోగిగా ముందు గేటులోంచి వెళ్ళవచ్చు. నేను హార్మోనును. లోపలికి వచ్చిన హార్మోను వచ్చిన దారినే తిరిగి పోయిన దాఖలా శాస్త్రంలో లేదు. దాన్ని కాలేయంలో నీళ్ళలో కరిగేటట్టు మార్చి, నిర్వీర్యం చేసి, మూత్రం దారిన బయటికి పంపాలి. సుదర్శనంగారు ఎంతో మర్యాదగా క్షమాపణ చెప్పుకున్నారు.

"మా ఇద్దర్నీ ఒక్కసారే పంపించండి," అన్నాను. "వేరువేరుగా వద్దు."

"అది జీవక్రియకు విరుద్ధం అమ్మా."

అక్క మాట్లాడకూడదు. నా వైపు చూసింది. ఆటో వెళ్ళిపోతుందేమో, ఎండలో కళ్ళు తిరుగుతాయేమో, ఎవరు ఎక్కిస్తారు అనుకున్నాను. "ఇప్పుడే వచ్చేస్తా" అనబోయి, ఆ మాట మింగేశాను. ఊరికే చెయ్యి వదిలాను.

ఆసుపత్రి వెనక బట్టలుతికే చోట "కాలేయ విభాగము" అని బోర్డు పెట్టారు. అక్కడ కరుణమ్మ సున్నిపిండి, సీకాయ పెట్టుకుని కూర్చుని ఉంది. తొందరగా రుద్దమ్మా అన్నాను. మోచేతి మీద నీళ్ళు వంచి, అవి జారకుండా ఒంటికి అంటుకునేదాకా వదలకూడదని ఆమెకు ఉత్తర్వు. రుద్దింది, వంచింది, జారాయి. మళ్ళీ రుద్దింది. అక్క ఈపాటికి గేటు చేరి ఉంటుందన్నాను. నా ముఖం చూసి, తన చేత్తోనే నా మోచేతి మీద నీళ్ళు అదిమి పట్టుకుంది. "అంటుకున్నాయండి, ఎల్లండి," అంది. మరుగుదొడ్ల వెనక, మురుగునీళ్ళు పోయే చిన్న గేటు తీసింది.

బయట సందు. ఒకవైపు ఆసుపత్రి గోడ, ఒకవైపు ముళ్ళకంచె. తడి చీర కాళ్ళకు చుట్టుకుంటుంటే ఎత్తి పట్టుకుని నడిచాను, తరవాత పరుగెత్తాను. ఈ వయసులో అది పరుగని నేనే అనుకోవాలి. గోడ వెంట తిరిగి, మళ్ళీ తిరిగి, చెక్కలు కొట్టిన కుశల కిటికీ దాటి, ముందు వీధిలోకి వచ్చాను.

అప్పుడే గేటు తెరుచుకుంది. అక్క ఒక్కతే, మెడకు కట్టుతో, చీరల సంచీ పట్టుకుని బయటికి వస్తోంది. నేను గేటు వైపు నడిచాను. నూకరాజు అలవాటు చొప్పున చెయ్యి అడ్డం పెట్టాడు.

"అమ్మగారూ, ఒంటికి నూనె లేదండి. లోనికెళ్ళకూడదండి."

"లోపలికి రావటం లేదు నాయనా. ఎదురొస్తున్నాను."

అతను వెనక్కి చూశాడు. అక్క గేటు మధ్యలోనే ఆగిపోయి నిలబడి ఉంది, మా ఇంటి గుమ్మంలో నిలబడినట్టే, నేను మలుపు తిరిగి వచ్చేదాకా అడుగు తీసి అడుగు వెయ్యకుండా. అతను చెయ్యి దించాడు.

నేను తడి చీరతో, ఒంటి నిండా సీకాయ వాసనతో, ఎదురుగా నడిచి వెళ్ళాను. అక్క నోరు తెరిచింది. మాట్లాడవద్దని చేత్తో వారించాను. వినలేదు. గొంతులోంచి మొదట గాలి వచ్చింది. తరవాత, తెగిపోయిన లైను ఎక్కడో దూరంగా కలిసినట్టు, గరగరమంటూ మాట వచ్చింది.

"వచ్చావా," అంది.